గౌరి పోయింది, ఇప్పుడు లక్ష్మికి జ్వరం. పిడుదుల జబ్బు తెలిసినవాళ్లు చెప్పండి

పెందుర్తి పాడి ఇల్లు:

అందరికీ నమస్కారం. మాది పెందుర్తి నుంచి కొత్తవలస వెళ్లే దారిలో, మెయిన్ రోడ్డు దిగి రెండు కిలోమీటర్లు లోపలికి వెళ్తే వచ్చే పల్లె. మా ఆయన ఆటో నడుపుతారు, ఆవుల పని నాది. వేపగుంట, నాయుడుతోట వైపు 14 ఇళ్లకు పాలు పోస్తాను. మొన్నటిదాకా మూడు ఆవులు ఉండేవి. గౌరి, లక్ష్మి జెర్సీ క్రాసులు. బుల్లి నాటు ఆవు, మా అత్తగారి ఆవుకు పుట్టింది.

గౌరి పోయి ఈరోజుకి 19 రోజులు. రెండో ఈత, పెయ్యదూడను వేసి రెండు నెలలు దాటింది. పూటకు ఐదు లీటర్లు ఇచ్చేది. ఒక సాయంత్రం పితకడానికి కూర్చుంటే రెండు లీటర్లే వచ్చాయి. కుడితి ముట్టలేదు, నెమరు వేయడం మానేసింది, చెవులు పట్టుకుంటే కాలిపోతున్నాయి. థర్మామీటరు పెడితే 105.6. మా వైపు సూదులు వేసే ఆయన వచ్చి జ్వరానికి ఒకటి, యాంటీబయాటిక్ ఒకటి వేశారు. మూడో రోజుకి భుజం ముందు గడ్డ లేచింది, బత్తాయి కాయంత. చూపిస్తే దెబ్బ తగిలి ఉంటుంది అన్నారు. దెబ్బ తగల్లేదని చెప్పాను, నా ఆవు నాకు తెలుసు. నాలుగో రోజు ఎర్ర మూత్రం జబ్బు అయి ఉంటుందని పసుపు రంగు సూది వేశారు. మూత్రం మామూలుగానే ఉంది, నేను రెండుసార్లు చెంబులో పట్టి చూశాను. అదీ చెప్పాను. ఎవరూ వినలేదు.

ఆరో రోజు వేరే డాక్టరు గారిని బతిమాలి తెచ్చుకున్నాం. ఆయన రాగానే కనురెప్ప తిప్పి చూశారు, చిగుళ్లు చూశారు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. చెవి కొన దగ్గర గుచ్చి ఒక్క బొట్టు రక్తం గాజు పలక మీద రాసుకుని వెళ్లారు. సాయంత్రం ఫోను చేసి థైలీరియా అన్నారు, పిడుదుల వల్ల వస్తుందన్నారు. ఆ రాత్రే వచ్చి ఖరీదైన సూది వేశారు. అప్పటికే గౌరి మెడ చాచి ఆయాసపడుతోంది. తొమ్మిదో రోజు తెల్లవారుజామున పోయింది. డ్వాక్రా లోను ఇంకా 31 వేలు కట్టాలి. డబ్బు మాట అలా ఉంచండి, దూడ రోజంతా ఆ కట్టుగొయ్య దగ్గరే నిలబడుతుంటే నాకు అన్నం సయించడం లేదు.

ఈరోజు పొద్దున్న లక్ష్మికి 103.8 ఉంది. ఏడో నెల చూడి. భుజం ముందు చెయ్యి పెడితే నిమ్మకాయంత గట్టిగా తగులుతోంది. నాకు చేతులు వణుకుతున్నాయి. ఇది అదేనా? ఈసారి ముందు ఏం చేయాలి?

ఇంకో మాట. ఒకే పాకలో, ఒకే గోడ పక్కన కట్టేసినా బుల్లికి ఏమీ కాలేదు. దాని మీదా పిడుదులు ఉన్నాయి. జబ్బు బుల్లే తెచ్చిందని, దాన్ని అమ్మేయమని ఊళ్లో అందరూ అంటున్నారు. మా అత్తగారు నోరు తెరవడం లేదు గానీ, రాత్రి బుల్లి దగ్గర కూర్చుని ఏడవడం చూశాను. పాలు పోయించుకునే వాళ్లు కూడా జబ్బు మనుషులకు వస్తుందా అని అడుగుతున్నారు. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

ఆనందపురం పూలతోట:

అక్కా, ముందు 1962కి ఫోను చెయ్యి. సంచార పశువైద్యం బండి వస్తుంది. చూడి ఆవు, జ్వరం, గడ్డ, ఇంతకుముందు ఒక ఆవు థైలీరియాతో పోయింది, ఈ నాలుగు మాటలూ ఫోనులోనే చెప్పు. ఇక్కడ జవాబుల కోసం సాయంత్రం వరకు ఆగకు.

స్లైడు మాస్టారు:

అమ్మా, నేను డాక్టరును కాను. పశువుల ఆసుపత్రి ల్యాబులో 31 ఏళ్లు పనిచేసి రిటైర్ అయ్యాను. నా జీవితమంతా రక్తం స్లైడులు చూడటంతోనే గడిచింది. అందుకే మీ పోస్టు చదివి మనసు ఆగక రాస్తున్నాను.

పై చెల్లెమ్మ చెప్పింది నిజం, ముందు ఫోను. డాక్టరు గారు రాగానే ఒక్కటే అడగండి: సూది వేసేముందు రక్తం తీయండి అని. ఒక్క బొట్టు చాలు, చెవి కొన దగ్గర సన్న నరం నుంచి. ఇవాళే తీయాలి. రేపు మందులు పడ్డాక తీసిన స్లైడులో జబ్బు తెచ్చే రక్తపు పురుగు కనిపించకపోవచ్చు, అప్పుడు అందరం చీకట్లో వెతుక్కోవాలి.

గౌరికి ఏం జరిగిందో మీ మాటల్లోనే ఉంది. పిడుదులు మోసుకొచ్చే రక్తపు జబ్బులు మన దగ్గర ముఖ్యంగా మూడు. మూడింటిలోనూ జ్వరం 105 దాటవచ్చు, మూడింటిలోనూ మేత మానేస్తుంది, పాలు పడిపోతాయి. పైకి చూస్తే అక్కచెల్లెళ్లలా ఉంటాయి, మందులు మాత్రం వేరు. బబీసియా అయితే ఎర్ర కణాలు పగిలి మూత్రం కాఫీ డికాషన్ రంగులో వస్తుంది. దానికి డైమినజీన్ వేస్తారు, మీరు చెప్పిన పసుపు సూది చాలావరకు అదే అయి ఉంటుంది. అనాప్లాస్మా అయితే రక్తం తగ్గుతుంది, కామెర్లు వస్తాయి, మూత్రం ఎర్రబడదు. దానికి ఆక్సీటెట్రాసైక్లిన్. థైలీరియాలో భుజం ముందు గడ్డలు లేస్తాయి, దానికి బుపార్వక్వోన్. పసుపు సూది థైలీరియాను ఆపదు. మూత్రం చెంబులో పట్టి చూశానని మీరన్నారే, సరిగ్గా అదే చేయాలమ్మా. ఆ మాట వినాల్సింది.

గడ్డ ఎందుకు వస్తుందో చెబుతాను. ఈ పరాన్నజీవి ముందు తెల్ల కణంలో దూరుతుంది. దూరి ఆ కణాన్ని ఆగకుండా విడిపోయేలా చేస్తుంది, కణం రెండైతే తనూ రెండై చెరో దాంట్లో ఉంటుంది. క్యాన్సర్ కణం ఎలా పెరుగుతుందో అలా పెరుగుతుంది. విచిత్రం ఏమిటంటే, మందుతో పరాన్నజీవిని చంపితే ఆ కణం మళ్లీ మామూలు దారికి వస్తుంది. గడ్డలో సన్న సూది పెట్టి తీసిన నీరు స్లైడు మీద చూస్తే తెల్ల కణాల్లో నీలం మచ్చలు కనిపిస్తాయి. రాబర్ట్ కోచ్ అనే శాస్త్రవేత్త పేరు మీద వాటిని కోచ్ నీలి మచ్చలు అంటాం. ఎర్ర కణాల్లోకి వచ్చేది ఆ తర్వాతి దశ, చిన్న ఉంగరాల్లా, కామాల్లా కనిపిస్తాయి. అందువల్ల జబ్బు మొదట్లో చెవి రక్తంలో ఏమీ లేకపోయినా గడ్డ నీటిలో దొరకవచ్చు. లక్ష్మికి గడ్డ ఉంది కాబట్టి రెండూ చూడమని అడగండి.

స్లైడు విషయంలో మన విశాఖ వాతావరణం పెద్ద శత్రువు. సముద్రపు గాలిలో తడి ఎక్కువ, అందులోనూ ఇప్పుడు వానలు. రక్తం రాసిన వెంటనే చేత్తో గాలిలో ఊపి ఆరబెట్టకపోతే కణాలు ముడతలు పడి, ఏది పురుగో ఏది ముడతో తెలియదు. ఆరిన స్లైడును బయట వదిలేస్తే ఈగలు రక్తం తినేస్తాయి. నిజమేనమ్మా, మచ్చలు మచ్చలుగా తినేసిన స్లైడులు నా బల్ల మీదకు ఎన్నో వచ్చాయి. అరవై కిలోమీటర్లు బస్సులో తెచ్చిన రైతుకి స్లైడు పనికిరాదని చెప్పడం కన్నా కష్టమైన పని నా ఉద్యోగంలో లేదు. అగ్గిపెట్టెలో కాగితం చుట్టి పెట్టుకుని తెచ్చిన స్లైడులే శుభ్రంగా ఉండేవి.

మూడు కాదు, నాలుగోది కూడా ఉంది: సర్రా. అది పిడుదులది కాదు, జోరీగలది. గేదె, గుర్రం, కుక్కకు కూడా వస్తుంది. పశువు గిరగిర తిరుగుతుంది, గోడకు తల ఆనించి నెట్టుతుంది. దీన్ని తాజా రక్తపు బొట్టులోనే చూడవచ్చు, పాములా మెలికలు తిరుగుతూ ఎర్ర కణాలను అటూ ఇటూ తోస్తుంటుంది. 1880లో డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గ్రిఫిత్ ఇవాన్స్ అనే పశువైద్యుడు గుర్రాల, ఒంటెల రక్తంలో మొదట చూశాడు. పురుగే జబ్బుకు కారణమంటే అప్పట్లో పై అధికారులు నమ్మలేదు. అతని కథ నాకు మొదటి ఏడాదే మా పెద్ద డాక్టరు గారు చెప్పారు, అందుకే ఇక్కడ రాశాను. లక్ష్మికి ఆ లక్షణాలు లేవు, దాని గురించి టెన్షన్ పడకండి.

బుపార్వక్వోన్ తొలి రోజుల్లో పడితే బాగా పనిచేస్తుంది. మోతాదు బరువును బట్టి: 20 కిలోలకు ఒక మిల్లీలీటరు, మెడ కండలో లోతుగా. పెద్ద ఆవుకు ఒకేచోట మొత్తం వేయరు, రెండు మూడు చోట్లకు పంచుతారు. అవసరమైతే రెండు మూడు రోజుల తర్వాత మళ్లీ వేస్తారు. ఇది తెలుసుకోవడానికే రాశాను, వేయాల్సింది డాక్టరు గారే. చూడి అని మర్చిపోకుండా చెప్పండి. ఎక్కువ జ్వరం కడుపులో దూడకు కూడా ప్రమాదం.

పెందుర్తి పాడి ఇల్లు:

మాస్టారు గారూ, మీకు దండం. 1962కి చేశాను, పదకొండున్నరకి బండి వచ్చింది. నేను నోరు తెరవకముందే డాక్టరమ్మ గారు స్లైడు తీశారు. మీరు చెప్పినట్టు గడ్డ నీరు కూడా అడిగాను, తీశారు. గౌరి సంగతి విని, గడ్డ చూసి, రిజల్టు కోసం ఆగకుండా బుపార్వక్వోన్ వేశారు. 320 కిలోలు ఉంటుందని టేపుతో ఛాతీ కొలిచి లెక్క కట్టారు, 16 మిల్లీలీటర్లు, మెడకు రెండు వైపులా. ఇప్పుడే ఫోను వచ్చింది. గడ్డ నీటిలో నీలం మచ్చలు ఉన్నాయట. చెవి రక్తంలో ఏమీ లేవట. మీరు రాసింది రాసినట్టు జరిగింది.

బుల్లి గురించి ఎవరైనా చెప్పండి. రేపు మంగళవారం, సంతకి తోలుకెళ్తానని ఒకాయన ఇంటికి వచ్చి బేరం కూడా ఆడాడు.

పిడుదుల పరిశోధన, ఏయూ:

అక్కా, బుల్లిని అమ్మకండి. దయచేసి రేపు సంతకి పంపకండి. ఎందుకో వివరంగా చెబుతాను.

నేను ఆంధ్ర యూనివర్సిటీలో జువాలజీ చదివాను, ఇప్పుడు పశువుల పిడుదుల మీద పరిశోధన చేస్తున్నాను. భీమిలి, పద్మనాభం, సబ్బవరం వైపు పాకల్లో పిడుదులు ఏరుకోవడం నా పని. మా అమ్మకి ఇప్పటికీ అర్థం కాదు, ఎమ్మెస్సీ చేసి ఆవు చెవుల్లో ఏం వెతుకుతున్నావే అంటుంది.

మీ ఆవుల మీద చాలావరకు రెండు రకాల పిడుదులు ఉంటాయి. ఒకటి చిన్న మూతి, కాళ్లన్నీ ఒకే లేత రంగు. దీని పేరు రైపిసెఫాలస్ మైక్రోప్లస్. పిల్లగా ఎక్కి, అక్కడే పెరిగి, మూడు వారాలకు కడుపు నిండా రక్తం తాగి రాలిపోయి నేల మీద రెండు మూడు వేల గుడ్లు పెడుతుంది. ఎర్ర మూత్రం జబ్బు దీనిది. తల్లి పిడుదులో ఉన్న బబీసియా గుడ్లలోకి కూడా వెళ్తుంది. రెండోది హయలోమా. మూతి పొడవు, కాళ్ల మీద తెల్లటి పట్టీలు, గాజులు వేసుకున్నట్టు ఉంటుంది. థైలీరియాను మోసేది ఇదే. భూతద్దం ఉంటే మీరే పోల్చుకోవచ్చు.

అసలు విషయం హయలోమా బతుకులో ఉంది. అది ఆవు మీద ఉండేది కొన్నాళ్లే. పిల్ల దశల్లో రక్తం తాగి రాలిపోయి, గోడ పగుళ్లలో, గాడి కింద, కట్టుగొయ్య బెరడులో దూరి చర్మం మార్చుకుని పెద్దదవుతుంది. మళ్లీ ఆకలేసినప్పుడు దగ్గర్లో ఉన్న ఆవును ఎక్కుతుంది. పిల్లప్పుడు తాగిన రక్తంలో థైలీరియా ఉంటే పెద్దయ్యాక కుట్టిన ఆవుకు ఎక్కిస్తుంది. గుడ్ల ద్వారా మాత్రం ఇది పోదు. అంటే మీరు ఆవుకు ఎంత మందు కొట్టినా, పాక గోడలో దాక్కున్నవి అలాగే ఉంటాయి. గౌరిని కుట్టింది కూడా ఆ గోడలోంచి వచ్చినదే అయి ఉంటుంది.

ఇప్పుడు బుల్లి సంగతి. నాటు పశువులకు థైలీరియా సోకదని కాదు, సోకుతుంది. కానీ క్రాసు ఆవుల్లో వచ్చినంత తీవ్రంగా రాదు. తరతరాలుగా ఈ పిడుదులతో, ఈ పరాన్నజీవితో కలిసి బతికిన జాతి అది. వాటి మీద పిడుదులు కూడా తక్కువగా పడతాయి. మన ఒంగోలు పశువులను ఓడల్లో బ్రెజిల్ తీసుకెళ్లి పెంచారు, అక్కడ నెలోర్ అనే పేరుతో కోట్లల్లో ఉన్నాయి. ఎండను, పిడుదులను తట్టుకుంటాయనే అంతగా పెంచుకున్నారు. మన నెల్లూరు పేరే అది.

బుల్లి రక్తంలో కొద్దిగా థైలీరియా ఉండవచ్చు, నేను కాదనను. కానీ రేపు లక్ష్మి కోలుకున్నాక దాని రక్తంలోనూ అలాగే మిగులుతుంది, ఏళ్ల తరబడి ఉంటుంది. అప్పుడు లక్ష్మిని కూడా అమ్మేస్తారా? బుల్లి వెళ్లిపోయినా గోడలో పిడుదులు ఉంటాయి, ఊళ్లో మిగతా పశువులూ ఉంటాయి. అమ్మితే పోయేది బుల్లి మాత్రమే. జబ్బు పోదు. మీ అత్తగారికి నా మాటగా ఇది చదివి వినిపించండి.

మీరు చెప్పింది ఎవరూ వినలేదని రాశారు కదా, దానికి ఒక పాత సంగతి గుర్తొచ్చింది. అమెరికాలో టెక్సాస్ జ్వరం అని ఆవులు కుప్పలుగా చచ్చిపోయేవి. పిడుదుల వల్లే అని రైతులు చాలాకాలంగా అంటుంటే చదువుకున్నవాళ్లు పట్టించుకోలేదు. థియోబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ అనే ఇద్దరు ఆ రైతుల మాటనే పరీక్షకు పెట్టారు. దక్షిణాది నుంచి తెచ్చిన ఆవుల్లో కొన్నింటికి పిడుదులు ఒక్కటి లేకుండా చేత్తో ఏరేసి ఉత్తరాది ఆవులతో కట్టారు, వాటికి జబ్బు రాలేదు. పిడుదులతో ఉన్నవాటితో కట్టినవాటికి వచ్చింది. పచ్చిక మీద పిడుదులు చల్లి ఆవులను వదిలితే, దక్షిణాది ఆవు ఒక్కటి లేకపోయినా వచ్చింది. 1893లో అచ్చువేశారు. పిడుదు, దోమ లాంటి పురుగు కుట్టి జబ్బు ఎక్కిస్తుందని మొదట రుజువైంది ఆవుల్లోనే. మన సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది ఆ తర్వాత నాలుగేళ్లకు, 1897 ఆగస్టు 20న.

చేయాల్సినవి: గోడ పగుళ్లు సిమెంటుతో మూసేయండి. మూసేముందు గ్యాస్ మంటతో కాల్చగలిగితే ఇంకా మంచిది, తాటాకు పాక అయితే మాత్రం మంట వద్దే వద్దు. తర్వాత సున్నం. పిడుదుల మందు డాక్టరమ్మ గారు చెప్పిన కొలతలోనే కలపండి. మందు ఖరీదని పలచగా కలిపితే చావగా మిగిలినవి ఆ మందుకు అలవాటుపడిన సంతానాన్ని కంటాయి. మన దేశంలో చాలాచోట్ల మైక్రోప్లస్ డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ లాంటి మందులకు లొంగడం మానేసింది. చెవి లోపల, తోక కింద, పొదుగు సందుల్లో తడవకపోతే కొట్టినా ప్రయోజనం ఉండదు.

రోజూ పూటకొకసారి చేత్తో వెతికి తీయడం చిన్న పని అనుకోవద్దు. హయలోమా కుట్టిన వెంటనే థైలీరియా దిగదు. పిడుదు లాలాజల గ్రంథుల్లో అది పక్వానికి రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆలోపు తీసేస్తే ఆవు బయటపడవచ్చు. కానీ గోళ్లతో నలపకండి, ఉత్త చేత్తో తీయకండి. చేతికి పాల కవరు తొడుక్కోండి. క్రిమియన్ కాంగో జ్వరం అనే మనుషుల జబ్బును హయలోమాలే మోస్తాయి, 2011లో గుజరాత్‌లో బయటపడింది. భయపెట్టాలని కాదు, అలవాటు మారాలని చెబుతున్నాను.

పాల గురించి: మీ ఆవుకు వచ్చిన థైలీరియా మనుషులకు రాదు. మీ 14 ఇళ్లకూ ధైర్యంగా చెప్పండి. మందు వేసిన ఆవు పాలు ఎన్ని రోజులు వాడకూడదో మాత్రం డాక్టరు గారిని అడగాలి, అది వేరే సంగతి. పాలు ఎప్పుడూ కాచుకునే తాగాలి.

గౌరి దూడకి టీకా ఉంది. హైదరాబాద్ ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ వాళ్లు తయారుచేసే రక్షావాక్-టి. మూడు నెలలు దాటిన క్రాసు దూడలకు వేస్తారు, చూడి పశువులకు వేయరు. బతికున్న కణాల టీకా కావడంతో ద్రవ నైట్రోజన్‌లో పెట్టి తేవాలి, మామూలు ఫ్రిజ్ పనికిరాదు. కాబట్టి ముందుగా మాట్లాడుకోండి.

మధురవాడ మూడో అంతస్తు:

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. మా లాబ్రడార్‌కి పోయిన ఏడాది ముక్కులోంచి రక్తం కారింది, ఎర్లీకియా అన్నారు, పిడుదుల వల్ల కుక్కలకు వచ్చే జబ్బట. 28 రోజులు డాక్సీసైక్లిన్ వాడితే బాగైంది. మా అపార్ట్‌మెంటు వెనక ఆవులు కట్టేస్తారు. వాటి పిడుదులే మా వాడికి పట్టాయని మా వాచ్‌మన్‌తో వాళ్లను ఖాళీ చేయించమని అసోసియేషన్‌లో అంటున్నారు. నిజమేనా?

పిడుదుల పరిశోధన, ఏయూ:

కాదండీ. ఆ ఆవుల వాళ్లను ఏమీ అనకండి. ఎర్లీకియాను మోసేది గోధుమ రంగు కుక్క పిడుదు, దానికి కుక్కే ఇష్టం. అది ఇంటి లోపలే బతికేస్తుంది, గోడ ఎక్కుతుంది, తలుపు చట్రంలో, కర్టెన్ మడతల్లో, మంచం కింద గుడ్లు పెడుతుంది. మీ బాల్కనీలో వాడు పడుకునే చోటు వెనక గోడ, పరుపు కుట్లు చూడండి. ఎర్లీకియా ఒక్కటే కాదు, ఇదే పిడుదును కుక్క నోటితో కొరికి మింగితే హెపటోజూన్ అనే ఇంకో జబ్బు వస్తుంది. కుక్కలకు ఇంకో జబ్బు, బబీసియా గిబ్సోనై, అసలు బయటపడిందే మన పక్కన మద్రాసులో. 1910లో పాటన్ అనే ఆయన మద్రాసు హంట్ అనే వేట క్లబ్బు కుక్కల రక్తంలో చూసి, తర్వాత నక్కల్లోనూ చూశాడు. కంబాలకొండ అడవి పక్కన ఉంటాం కాబట్టి నక్క కూత విన్నప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

స్లైడు మాస్టారు:

పిడుదుల అమ్మాయి బాగా చెప్పింది. ఒక్కటి కలుపుతాను. లక్ష్మి కోలుకున్నాక ఎప్పుడో స్లైడు తీస్తే ఎర్ర కణాల్లో ఒకటీ అరా ఉంగరాలు కనిపిస్తాయి. అప్పుడు జ్వరం లేకుండా, గడ్డ లేకుండా, మేత తింటూ ఉంటే కంగారుపడి మళ్లీ ఖరీదైన సూది వేయించకండి. మోసే పశువు వేరు, జబ్బు పడ్డ పశువు వేరు. అవసరం లేనిచోట వాడీ వాడీ ఈ ఒక్క మందు కూడా చేజారితే మన దగ్గర ఇంకోటి లేదు. ట్యునీసియా, ఇరాన్‌లలో బుపార్వక్వోన్‌కు లొంగని థైలీరియా ఇప్పటికే కనబడింది.

లక్ష్మి ఎలా ఉందో రాయడం మర్చిపోకు తల్లీ.

పెందుర్తి పాడి ఇల్లు:

మాస్టారు గారూ, చెల్లీ, ఇన్నాళ్లూ రాయనందుకు ఏమీ అనుకోకండి. పాక పనిలో ఫోను ముట్టుకోలేదు.

లక్ష్మికి రెండో రోజు కూడా 104 ఉంది, ఆ రాత్రి నేను పడుకోలేదు. మూడో రోజు పొద్దున్న 102.4. డాక్టరమ్మ గారు వచ్చి మళ్లీ చూసి రెండో సూది వేశారు. నాలుగో రోజు మధ్యాహ్నం గడ్డి పరక నోట్లో పెట్టుకుంది. సాయంత్రం నెమరు వేసింది. ఆ శబ్దం వింటూ గుమ్మంలోనే కూర్చుండిపోయాను. ఇప్పటికి మూడు వారాలు, గడ్డ చేతికి తగలడం లేదు, కడుపులో దూడ కదులుతోంది.

బుల్లి ఇక్కడే ఉంది. మీరు రాసింది మా అత్తగారికి చదివి వినిపించాను. ఒంగోలు ఆవుల మాట, బ్రెజిల్ మాట రెండుసార్లు చదివించుకున్నారు. బేరగాడు మంగళవారం పొద్దున్నే వచ్చాడు. ఆమే వాకిట్లోకి వెళ్లి, ఆవు లేదు పొమ్మని పంపేశారు.

గోడ సంగతి చెప్పాలి. మాది మట్టిగోడ, అడుగున అంతా పగుళ్లే. రాత్రి టార్చి వేసి తలపిన్నుతో గీకితే ఇసుకలోంచి గింజలు రాలినట్టు పిడుదులు రాలాయి. గౌరిని కట్టేసిన కొయ్యకు బెరడు ఊడదీస్తే దాని కిందే 26 ఉన్నాయి. లెక్కపెట్టాను. రోజూ ఆ కొయ్యకే కదా దాన్ని కట్టాను, రోజూ దాని మెడ నిమిరాను, ఒక్కసారి ఆ బెరడు చూడలేదు. ఆ కొయ్య పీకి పొయ్యిలో పెట్టేశాం. మా ఆయన రెండు రోజులు ఆటో ఆపి పగుళ్లన్నీ సిమెంటుతో పూడ్చారు, గాడి అడుగు కూడా. పైన సున్నం. ఎరువు కుప్పను పాక వెనక నుంచి చేను గట్టుకు మార్చాం. మా పక్కింటి వాళ్లు చూసి వాళ్ల పాకలో కూడా గీకారు, అక్కడా ఉన్నాయి. ఇప్పుడు మా వీధిలో నాలుగు పాకలకు సున్నం పడింది.

పెయ్యకి మూడు నెలలు నిండాయి. టీకా తెప్పిస్తామని, వీధిలో క్రాసు దూడలన్నింటినీ ఒకే రోజు కట్టేసి ఉంచమని డాక్టరమ్మ గారు చెప్పారు. ఏడు దూడలు అయ్యాయి. మా పెయ్య ఇప్పుడు బుల్లి దగ్గర తాగుతోంది. మొదట తన్నేది, ఇప్పుడు నాకుతోంది.

పాలు మూడు ఇళ్లు మానేశాయి, రెండు తిరిగి వచ్చాయి.

చెల్లీ, పాల కవరు తొడుక్కుని తీసినవన్నీ పారేయకుండా స్పిరిట్ సీసాలో వేస్తున్నాను. ఒక సీసా బుల్లివి, ఒకటి లక్ష్మివి, ఒకటి గోడవి, కాగితం మీద రాసి అంటించాను. తేదీ కూడా వేశాను. కాళ్లకు పట్టీలున్నవి గోడ సీసాలోనే ఎక్కువ కనిపిస్తున్నాయి, నా కళ్లకు. నీకు పనికొస్తాయా? శనివారం మా ఆయనకు ఎన్ఏడీ కూడలి మీదుగా కిరాయి ఉంది, యూనివర్సిటీ గేటు వరకు రాగలరు.

పిడుదుల పరిశోధన, ఏయూ:

అక్కా, మూడు సీసాలూ కావాలి. కాగితం సీసా బయట అంటిస్తే స్పిరిట్ తగిలి చెరిగిపోతుంది. చిన్న ముక్క మీద పెన్సిల్‌తో రాసి సీసా లోపల కూడా వేయండి. కొయ్య బెరడు కింద దొరికిన 26లో ఏమైనా మిగిలాయా? ఉంటే వాటిని వేరే సీసాలో. శనివారం పది గంటలకు గేటు దగ్గర ఉంటాను.

పెందుర్తి పాడి ఇల్లు:

11 ఉన్నాయి. మిగతావి మా కోళ్లు తినేశాయి. పెన్సిల్ పెట్టి రాస్తున్నాను ఇప్పుడే.